తల ఊపు – తువ్వాలు చాటు బేరం: వ్యాపార సంజ్ఞల సిద్ధాంతానికి ఒక సవరణ

భిన్న సంస్కృతుల నడుమ జరిగే వ్యాపారంలో సంజ్ఞకున్న ప్రాధాన్యాన్ని గుర్తించేందుకు ఎడ్వర్డ్ హాల్ 'ది సైలెంట్ లాంగ్వేజ్' (1959) దారి వేసింది. 'బియాండ్ కల్చర్' (1976)లో ఆయన సమాజాలను సందర్భంపై ఎక్కువగా ఆధారపడేవి, తక్కువగా ఆధారపడేవి అని వింగడించాడు. జపాను మొదటి కొసన, జర్మనీ రెండవ కొసన నిలిచాయి. నిర్వహణశాస్త్ర పాఠ్యగ్రంథాలు భారతదేశాన్ని సాధారణంగా మొదటి వర్గంలో చేర్చి, భారతీయుల తల ఊపును అస్పష్టతకు ఉదాహరణగా చూపుతాయి. తెలుగు వ్యవహారం ఈ నిర్ణయాన్ని సమర్థించదు.

నుడికారం తొలి సాక్ష్యం. 'ఊ అనడం' సమ్మతి. 'ఊ కొట్టడం' ప్రధానంగా వింటున్నానని తెలపడం. కథ వినే పిల్లలు చేసేది అదే. 'గంగిరెద్దులా తలాడించడం' స్వతంత్రత లేని సమ్మతి. 'తల పంకించడం' మెప్పుకో ఆలోచనకో గుర్తు. భాష ఇన్ని భేదాలను పాటిస్తుండగా వాటిని అస్పష్టత అనడం, చూచేవాని లోపాన్ని చూడబడేవానికి అంటగట్టడమే.

పశువుల సంత రెండవ సాక్ష్యం. తువ్వాలు చాటున వేళ్ళు పట్టి ధర తెలుపుకునే బేరగాళ్ళ పద్ధతిలో మాట లేదు, సందిగ్ధతా లేదు. ఒక్కొక్క పట్టు ఒక్కొక్క సంఖ్య. చుట్టూ ఉన్నవారికి దాచి, ఎదుటివానికి కచ్చితంగా చెప్పడం దాని ప్రయోజనం. పర్షియన్ గల్ఫ్ ముత్యాల వర్తకులదీ ఇటువంటి పద్ధతే. అర్థమంతా సంకేతంలోనే ఇమిడి ఉండడం హాల్ లెక్కలో రెండవ వర్గపు లక్షణం. కనుక ఈ విభజన సందర్భాలకు వర్తిస్తుందే గాని జాతులకు కాదు.

అయితే నుడికారం తెలిసినంత మాత్రాన చిక్కు విడిపోదు. ఏలూరుకు దక్షిణాన కొల్లేటి సీమ చెరువుల చేప మంచులో పశ్చిమ బెంగాల్‌కు పోతుంది. తాడేపల్లిగూడెం టోకు మార్కెట్‌కు కర్నూలు ఉల్లి వస్తుంది. ధర విన్న రైతు తల ఊపు 'విన్నాను' అన్న అర్థంలోనిది కావచ్చు. కొనేవాడు దానిని 'ఒప్పుకున్నాను'గా తీసుకోవచ్చు. ఇద్దరూ తెలుగువారైనా ఇది జరుగుతుంది. పట్టిన చేప మంచి ధర కోసం ఆగదు. పెట్టుబడికి అప్పిచ్చినవాడే కొనేవాడైతే రైతు నోట 'కాదు' రాదు. ఆ మౌనాన్ని మొహమాటమనీ మర్యాద అనీ చదవడం ఋణాన్ని సంస్కృతిగా భ్రమించడం.

సంస్కృతీభేదంగా కనిపించేది పలుచోట్ల బలాబలాల భేదం. సంజ్ఞకు అర్థం చెప్పబూనే శాస్త్రం, ఆ సంజ్ఞ చేసినవానికి 'కాదు' అనగల అవకాశం ఉన్నదా అని ముందుగా విచారించాలి.