మొగలో ఆగకూడని ఇంజిన్

వసిష్ఠ గోదావరి బంగాళాఖాతంలో కలిసే అంతర్వేది దగ్గర మరబోటుకు అన్నిటికన్నా గడ్డు చోటు మొగ. నది మోసుకొచ్చిన ఇసుక అక్కడ మేటలు వేస్తుంది, మేటల మీద కెరటాలు విరుగుతాయి. పల్లిపాలెం మినీ హార్బర్ నుంచి వేటకెళ్లే బోట్లు పోటు చూసుకుని ఆ దారి దాటాలి. నడిసముద్రంలో ఇంజిన్ ఆగితే లంగరు వేసి తోటి బోటును పిలవొచ్చు. మొగలో ఆగితే అంత వ్యవధి ఉండదు. కెరటం బోటును అడ్డం తిప్పి మేట మీదికి నెట్టేస్తుంది. అందుకే ఇక్కడ ఇంజిన్ మరమ్మతు అంటే లోపలున్న వాళ్ల ప్రాణాల మాట.

బోటు డీజిల్ ఇంజిన్ లారీ ఇంజిన్‌కు దాయాది. అసలు తేడా చల్లబరిచే పద్ధతిలో ఉంది. లారీకి రేడియేటరు, ఎదురుగాలి ఉంటాయి. బోటులో ఆ పని సముద్రపు నీరు చేస్తుంది. రబ్బరు రెక్కల పంపు అడుగునుంచి ఉప్పునీటిని తోడి హీట్ ఎక్స్‌ఛేంజర్ గుండా పంపుతుంది. ఇంజిన్‌లో తిరిగే మంచినీటి వేడిని ఆ ఉప్పునీరు లాక్కుని బయటికి పోతుంది. నీరు పీల్చే రంధ్రానికి ఒక ప్లాస్టిక్ సంచి అతుక్కున్నా, పంపు రెక్క ఒకటి తెగినా, గొట్టాల్లో ఉప్పు పేరుకున్నా వేడి పెరిగిపోతుంది. పెద్ద నష్టాలు చాలామటుకు ఇలాంటి చిన్న చోటనే మొదలవుతాయి.

వేడెక్కితే ముందుగా దెబ్బతినేది సిలిండర్ హెడ్. అది కాస్త వంపు తిరిగినా చాలు, గాస్కెట్ కాలిపోయి నీరు ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు పోసిన టీ రంగులో, అంచున నురగతో కనబడుతుంది. ఆ రంగు చూశాక మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగుల మధ్య పొరగా నిలవదు. లోహం లోహంతో రాసుకుని క్రాంక్ పట్టేస్తుంది. సిలిండర్‌లోకే నీరు దిగి ఉంటే ఇంకా ఘోరం. గాలి నొక్కుకుంటుంది గాని నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఆయిల్ పొర విలువ విమానం కట్టినవాళ్లకూ మొదట్లోనే తెలిసొచ్చింది. రైట్ సోదరుల కోసం వాళ్ల మెకానిక్ చార్లీ టేలర్ చేసిన ఇంజిన్ 1903 ఫిబ్రవరిలో పరీక్షకు పెట్టినప్పుడు, కారిన పెట్రోలు వల్ల బేరింగులు పట్టేసి అల్యూమినియం బాడీ పగిలింది. మళ్లీ పోత పోయించి, ఇంజిన్ తిరిగి కట్టారు. ఆ ఇంజినే అదే ఏడు డిసెంబర్ 17న సుమారు 12 గుర్రాల శక్తితో విమానాన్ని ఎగరేసింది.

బోటు ఇంజిన్ ఆగిన ప్రతిసారీ ఇంత నష్టం జరగదు. డీజిల్‌లో నీరు చేరినా, ఫిల్టర్ మూసుకున్నా, పైపు జాయింటు దగ్గర గాలి పీల్చుకున్నా ఇంజిన్ ఆగుతుంది. ఫిల్టర్ మార్చి, చేతిపంపు కొట్టి గాలి తీస్తే మళ్లీ అందుకుంటుంది. పొగ కూడా కొంత చెబుతుంది. నల్ల పొగ డీజిల్ ఎక్కువై గాలి చాలడం లేదని, నీలం పొగ ఆయిల్ కాలుతోందని.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఇంజిన్ దించి చేయాల్సిన పనికి అదే అదను. విప్పిన భాగాలను వెంటనే డీజిల్‌లో వేసి కడిగేయడం తొందరపాటు. కాలిన గాస్కెట్ మీది గాడి, ఒక బేరింగు ఒకే వైపు అరిగిన తీరు, పంపు అడుగున మిగిలిన రబ్బరు ముక్క ఇవన్నీ సాక్ష్యాలు. కడిగితే సగం పోతాయి. కారణం దొరక్కుండా సామాను మార్చిన ఇంజిన్ మళ్లీ అదే జబ్బుతో దిగుతుంది.

తర్వాతది కొలత పని. సిలిండర్ లైనర్ పైనా కిందా ఎంత అరిగిందో బోర్ గేజ్‌తో, క్రాంక్ జర్నల్ గుండ్రం తప్పిందేమో మైక్రోమీటర్‌తో చూస్తారు. జర్నల్ గీతలు పడితే 0.25 మిల్లీమీటరు చొప్పున గ్రైండింగ్ చేసి, ఆ సైజు బేరింగులు వేస్తారు. హెడ్‌ను చదును చేయించాలి. వాల్వులకు రాపిడి పేస్టు పూసి, సీటులో అటూ ఇటూ తిప్పుతూ నూరితే అంచు చుట్టూ ఎక్కడా తెగని బూడిదరంగు వలయం ఏర్పడుతుంది. ఆపైన పోర్టుల్లో కిరసనాయిలు పోసి చూస్తారు. వాల్వు అంచున చెమ్మ కూడా ఊరకూడదు. చేతి నేర్పు నిజంగా తేలేది ఇక్కడే.

హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, విడతలుగా, టార్క్ రెంచ్‌తో బిగించాలి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. నాజిళ్లు, డీజిల్ పంపు బెంచి మీద పరీక్షించి పెట్టాలి. ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆయిల్ ప్రెషర్ చూడాలి, సైలెన్సర్ పొగతో పాటు ఉప్పునీరు ధారగా బయటపడుతోందో లేదో చూడాలి. రింగులు కుదురుకునే దాకా పూర్తి లోడు పెట్టకూడదు. ఆ తొలి పరుగు నదిలోనే చేయాలి, మొగలో కాదు.

బోటు యజమానులు ఒక్క పని మరవొద్దు. ఇంత ఖర్చు పెట్టి బాగుచేయించాక, ఉప్పునీటి పంపు రబ్బరు రెక్కను కూడా కొత్తది వేయించండి. ఇంకొకటి బోటులో ఉంచుకోండి.