ఆపేసిన మాత్ర పేరు కూడా రాయండి

నానక్‌రామ్‌గూడ కూడలిలో ఈ వారం, ఆఫీసులు వదిలే వేళ, వెనకనుంచి అంబులెన్స్ మోత వినబడింది. బండ్లన్నీ పక్కకు ఒరిగి దారిచ్చాయి. మనసు నిండింది. దారివ్వడం ఈ ఊరికి బాగా అలవడింది. 2021 ఫిబ్రవరిలో నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు, 2025 జనవరి 17 రాత్రి ఎల్‌బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు మార్పిడి కోసం తీసిన గుండెలు మెట్రో రైల్లో వెళ్లాయి. రెండోసారి పట్టింది 13 నిమిషాలే. తీసిన గుండెను నాలుగు గంటల్లోపు అమర్చాలని డాక్టర్ల తాపత్రయం. ఆ పరుగు అవసరమే.

కానీ ఆ గుండె కోసం ఎదురుచూసే మనిషి ఒంట్లో నెలల తరబడి పేరుకున్న మందు సంగతి ఎవరు మాట్లాడుతున్నారు?

ఆపేసిన మాత్ర కూడా మందుల చీటీలో ఉండాలన్న నా పోరు ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. దాని మూలం మా బావగారు. గుండె లయ తప్పుతోందని ఆయనకు అమియోడరోన్ ఇచ్చారు. కొన్నాళ్లకు డాక్టరే మాన్పించారు. ఇంట్లో అందరం ఆ పేరే మరిచిపోయాం. తరవాత శుక్లాల పరీక్షకు వెళ్తే కంటి డాక్టరు యంత్రంలోంచి చూస్తూనే, "గుండెకు ఏదైనా మాత్ర వాడారా అండీ?" అని అడిగారు. "ఎప్పుడో మానేశానమ్మా" అన్నారు బావగారు. నల్లగుడ్డు మీది పొరలో ఆ మందు సన్నటి గీతల్లా ఇంకా కనబడుతూనే ఉంది. మాకు చీటీలో లేనిది ఆమెకు కంట్లో దొరికింది.

అమియోడరోన్ తీరే అంత. కొవ్వులో, కాలేయంలో, ఊపిరితిత్తుల్లో దాక్కుంటుంది. చాలాకాలం వాడి ఆపితే, ఒంట్లో సగం తగ్గడానికే సగటున రెండు నెలలు. దాని బరువులో మూడో వంతుకు పైగా అయోడినే కాబట్టి థైరాయిడ్‌నూ కదిలిస్తుంది. గుండె మార్చినా ఈ నిల్వ మారదు. నరాలు తెగి వచ్చిన కొత్త గుండె తన సొంత వేగంతో కొట్టుకోవాలి. మిగిలిన మందు దాన్ని నెమ్మదింపజేస్తుంది, ఒక్కోసారి కొన్నాళ్లు పేస్‌మేకర్ కావాలి. కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ స్థాయిని కూడా రక్తంలో పెంచుతుంది.

2017లో అంతర్జాతీయ రిజిస్ట్రీ లెక్కలు తీసినవారు, ముందు ఈ మందు వాడినవారిలో మార్పిడి తరవాతి తొలి ఏడాది మరణాలు ఎక్కువన్నారు. జర్మనీలోని హైడెల్‌బర్గ్ వైద్యులకు మరణాల్లో తేడా కనబడలేదు. పైగా శస్త్రచికిత్స అయిన కొత్తలో లయ తప్పడం తగ్గింది. అసలు ఈ మందు అవసరమయ్యేది ఎక్కువ జబ్బుతో ఉన్నవారికే. తప్పు మందుదా, జబ్బుదా అన్నది విడదీయడం కష్టం.

ఇదంతా విన్నవారికి, అవయవాల కోసం ఎదురుచూసేవారి జీవన్‌దాన్ జాబితాలో పేరు ఎక్కగానే ఆ మాత్ర మాన్పించడమే మేలనిపిస్తుంది. నేనలా అనను. రెండు నెలల ముందు ఆపుదామంటే, ఏ రాత్రి ఫోన్ వస్తుందో ఎవరికి తెలుసు? నీరసించిన గుండెకు లయ మందులు చాలావరకు పనికిరావు. గుండెపోటు వచ్చినవారికి ఫ్లెకైనైడ్ లాంటివి ఇస్తే మరణాలు పెరిగాయని 1989లో ఫలితాలు వెలువడిన పరీక్ష చెప్పింది. అమియోడరోన్ లేకపోతే కొందరు ఆపరేషన్ బల్ల దాకా రానేరారు. వాళ్లు ఏ మార్పిడి లెక్కలకూ ఎక్కరు.

మా ఇంటి మనిషే ఆ జాబితాలో ఉంటే, డాక్టరు వాడమన్నన్నాళ్లూ ఆ మాత్ర నా చేత్తో ఇస్తాను. ఎప్పుడు మొదలైంది, రోజుకెంత, చివరి థైరాయిడ్ పరీక్ష ఏం చెప్పింది చీటీలో రాసి, ఆపేస్తే ఆపిన తేదీ కూడా వేసి, మత్తు డాక్టరుకు చూపించమని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచుతాను.