శాసనంలోనే రెండేళ్లు

శ్రీకృష్ణదేవరాయల పట్టాభిషేకం ఏ ఏడు? రాత్రిపూట తెలుగు వికీపీడియాలో తప్పులు దిద్దడం నాకో అలవాటు. ఈ ఒక్క అంకె దగ్గర మాత్రం మూడు వారాలు ఇరుక్కుపోయాను.

వ్యాసంలో 1510 అని కనబడింది. నేను బడిలో చదివింది 1509. అచ్చుతప్పే అనుకుని 1509 చేసి హాయిగా పడుకున్నాను. తెల్లారేసరికి ఎవరో మళ్లీ 1510 చేసేశారు. నేనూ ఊరుకోలేదు. చివరికి చర్చ పేజీలో ఆయన ఒక్క ముక్క రాశారు: "మూలం చూపించండి."

నా దగ్గరున్నది ఓ ఆదివారం అనుబంధంలోని వ్యాసం. గర్వంగా పెట్టబోతూ పేజీ చరిత్ర తిరగేశాను. ఆ అనుబంధం అచ్చయ్యే నాటికే మన పేజీలో, ఏ ఆధారమూ లేకుండా, అవే వాక్యాలున్నాయి. మనం అన్న మాటే ఊరు చుట్టి మన చెవికి చేరితే, ఊరంతా అంటోంది కదా అని నమ్మినట్టుంది నా పని.

అప్పుడు శాసనాలను అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా మొదటి సంపుటం తెరిచాను. హంపీ విరూపాక్షాలయ శాసనం అందులో ఉంది. పట్టాభిషేక మహోత్సవ సందర్భంలో రాయలు గుడికి మండపం కట్టించి, ఊరు దానమిచ్చిన సంగతి అందులో చెక్కారు. కాలం: శకం 1430, శుక్ల సంవత్సరం, మాఘ శుద్ధ చతుర్దశి.

శకానికి 78 కలిపితే 1508. మాఘం వచ్చేసరికి ఇంగ్లిషు ఏడు మారిపోతుంది కనుక 1509. నేనే గెలిచాను!

కానీ ఆ పక్కనే 'శుక్ల' ఉందిగా. మా నాయనమ్మ ప్రభవ, విభవ, శుక్ల అంటూ అరవై పేర్లూ వేళ్ల మీద అప్పజెప్పించేది. 1989 ఉగాదికి వచ్చింది శుక్ల. ఎనిమిది అరవైలు వెనక్కి నడిస్తే 1509 ఉగాది. ఆ ఏటి మాఘ శుద్ధ చతుర్దశి 1510 జనవరిలో పడుతుంది. ఆయనే గెలిచారు!

రాతి మీద అంకెకూ పేరుకూ పొత్తు కుదరలేదన్నమాట. అంకెను నమ్మితే ఒక ఏడు, పేరును నమ్మితే ఇంకో ఏడు. పైగా వికీలో సొంత పరిశోధన చెల్లదు. నాయనమ్మ నేర్పిన లెక్క ఎంత ఒప్పయినా మూలం కాలేదు. అందుకే ఆయనా నేనూ కూర్చుని, రెండేళ్లూ రాసి, తేడా ఎక్కడ పుట్టిందో ఒక వాక్యం చేర్చి, శాసనం అచ్చయిన సంపుటాన్ని కింద చూపించాం.

అదీ శాశ్వతం కాదు. కర్ణాటకలో తుమకూరు దగ్గరి హొన్నేనహళ్లి శాసనం 2022లో వెలుగులోకి వచ్చాక, రాయలు 1529 అక్టోబరు 17న కన్నుమూసినట్టు తెలిసింది. నాలుగు వందల తొంభై ఏళ్లకు పైగా ఓ గుడి దగ్గర పడి ఉన్న రాయి, ఎన్నో పేజీలను మళ్లీ తెరిపించింది.

మొన్న మా అమ్మాయి పరీక్షకు చదువుకుంటూ అడిగింది: "నాన్నా, ఏది రాయను?"

"1509 రాసెయ్యమ్మా, లేకపోతే మార్కు పోతుంది" అన్నాను.

జవాబు పత్రంలో ఒక్క అంకెకే చోటు. ఆ పక్కన ఇంకో వాక్యం పట్టే చోటు కోసమే నా రాత్రిళ్లు.