బిద్రీకి అంటలేదు

చార్మినార్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరికే బిద్రీ డబ్బాను తెలియనివాళ్ళెవరు చూసినా ఇనుమనే అనుకుంటారు. నల్లగా నిగనిగలాడుతుంది, చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంటుంది. శాలిబండ దగ్గర సాయంత్రం ట్యూషన్‌కు వచ్చే అయిదు, ఆరు తరగతుల పిల్లలకు అయస్కాంతాల పాఠం నేను ఈ డబ్బాతోనే మొదలుపెడతాను. అయస్కాంతం ఇంకా జేబులోనే ఉంటుంది. "అంటుకుంటదా, అంటుకోదా? ముందు చెప్పండి" అంటాను. "లోహాచ్ హై సర్!" అని ఒక మూల నుంచి, "అంటుకుంటది సార్, పక్కా!" అని ఇంకో మూల నుంచి. అందరి మాటా బోర్డు మీద రాశాక అయస్కాంతం బయటికి తీసి ఆనిస్తాను. అంటదు.

బిద్రీలో ఎక్కువ పాలు జింకు, కొంచెం రాగి. ఆ నలుపు బీదరు కోట మట్టిని నవాసారంతో కలిపి రుద్దడం వల్ల వచ్చేది. పైన పొదిగింది వెండి. వీటిలో ఏదీ అయస్కాంతాన్ని లెక్కచేయదు. ఇదంతా తరవాత చెప్పే సంగతి. డబ్బా అంటుకోనప్పుడు పిల్లల మొహాల్లో ఒక చిరాకు కనిపిస్తుంది చూడండి, నాకు పాఠం అంటే అదే. లోహమైతే చాలు అంటుకుంటుందన్న నమ్మకం అక్కడ బీటలు వారుతుంది.

మన ఆరో తరగతి సామాన్యశాస్త్రంలో 'అయస్కాంతంతో ఆటలు' అని ఒక పాఠం ఉంది. పేరు చక్కగా పెట్టారు. ఆట మాత్రం చాలా చోట్ల జరగదు. బీరువాలో ఒక దండాయస్కాంతం ఉంటుంది. ఏళ్ళ తరబడి కిందపడి, అడ్డదిడ్డంగా పడి ఉండి, గుండుసూదిని కూడా లేపలేని స్థితికి వచ్చి ఉంటుంది. "సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి" అని వల్లించే పిల్లల్లో ఆ నెట్టుడు వేళ్ళకు తెలిసినవాళ్ళు ఎందరు?

బిద్రీ తరవాత చిల్లర. రూపాయి బిళ్ళ టక్కున అంటుకుంటుంది. పది రూపాయల బిళ్ళ అంటదు. అయిదు రూపాయలవి కొన్ని అంటుకుంటాయి, కొన్ని అంటవు. ఇక్కడే ఒక అమ్మాయి నన్ను నిలదీసింది. పాతకాలపు మందపాటి అయిదు రూపాయల బిళ్ళలో నాలుగో వంతు నికెల్ ఉందని నేనే చెప్పాను. "నికెల్ అంటుకుంటదని బుక్కులో ఉంది కదా సార్, మరి ఇదెందుకు అంటలేదు?" ఇంతకంటే మంచి ప్రశ్న పరీక్ష పేపర్లో నేను చూడలేదు. మూడు పాళ్ళ రాగితో కలిసిపోయాక నికెల్‌కు ఆ గుణం మిగలదు. ఏ లోహం ఉందన్నదే కాదు, అది దేనితో, ఎంత పాళ్ళలో కలిసిందన్నదీ చూడాలి.

బేగంబజార్‌లో గిన్నెలు కొనేటప్పుడు అయస్కాంతం అంటితే అది అసలు స్టీలు కాదని తేల్చేసేవాళ్ళు పిల్లల ఇళ్ళల్లోనూ ఉన్నారు, మా ఇంట్లోనూ ఉన్నారు. సగమే నిజం. నికెల్ ఎక్కువ కలిపిన రకం స్టీలుకు అంటదు, నికెల్ లేకుండా క్రోమియం కలిపినదానికి అంటుకుంటుంది. రెండూ స్టెయిన్‌లెస్సే. రూపాయి బిళ్ళ ఆ రెండో రకానిదే. ఈ ముక్క ఇంటికెళ్ళి అమ్మకు చెప్పిన పిల్లవాడికి ఆ పూట తిట్లు పడ్డాయట.

నేను వాడేది పాత స్పీకర్లలోంచి తీసిన గుండ్రటి అయస్కాంతాలు. పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌లో పాడైన స్పీకర్లు దొరుకుతాయి. సౌండు బాక్సులు బాగుచేసేవాళ్ళను అడిగినా ఇస్తారు. ఒక పెన్సిల్‌ను నిలబెట్టి రెండు చిన్న చక్రాలను దానికి తొడిగి, పైదాన్ని తిరగేస్తే గాలిలో తేలుతుంది. వేలితో కిందికి నొక్కితే ఎదురు నెడుతుంది. అయస్కాంతమా కాదా అని తేల్చేది ఆకర్షణ కాదని అప్పుడు చెబుతాను. మామూలు ఇనుప ముక్క కూడా అయస్కాంతం రెండు వైపులకూ వచ్చి అతుక్కుంటుంది. ఎదురు నెట్టేది మాత్రం ఇంకో అయస్కాంతమే.

ఒకసారి ఒక చక్రం పిల్లవాడి చేతిలోంచి జారి బండ మీద పడి రెండు ముక్కలైంది. వాడు ఏడుపు మొహంతో ముక్కల్ని మళ్ళీ పక్కపక్కన అతికించబోయాడు. అవి ఒప్పుకోవు, విరిగినచోటే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఒక ముక్కను తిరగేయగానే టప్పున కరుచుకున్నాయి. విరిగిన ప్రతి ముక్కకూ దాని ఉత్తర, దక్షిణ ధ్రువాలు దానికుంటాయన్న సంగతి ఆ రోజు నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు చుట్టి గల్లీ మట్టిలో దొర్లిస్తే నల్లటి రేణువులు ముళ్ళలా నిలబడి వస్తాయి. కొన్ని ఇనుప రజను కావచ్చు, చాలావరకు మాగ్నటైట్. హైదరాబాదు గ్రానైటు బండల్లో ఆ ఖనిజం సన్నసన్నగా ఉంటుంది, బండ అరిగి మట్టయినా అది పోదు. కంసాలి చేసే పనీ ఇలాంటిదే. బంగారు పొడిలో కలిసిన ఆకురాయి రజనును తీయడానికి అయస్కాంతం తిప్పుతాడు. రజను వస్తుంది, బంగారం ఉండిపోతుంది.

దిక్సూచి మా పిల్లల్లో చాలామందికి కొత్త కాదు. ఇళ్ళల్లో నమాజు చేసే చాప జానమాజ్‌తో పాటు వచ్చిన చిన్న కంపాస్ ఉంటుంది. అయితే ముల్లు కాబా వైపు తిరుగుతుందని వాళ్ళ నమ్మకం. తిరగదు, అది చూపేది ఉత్తరమే. ఇక్కడి నుంచి మక్కా సరిగ్గా పడమర కూడా కాదు, పడమర నుంచి ఉత్తరానికి సుమారు 13 డిగ్రీలు జరగాలి. ఆ లెక్క మనం వేసుకోవాలి, ముల్లు వేయదు. పొద్దున్నే జనం లేనప్పుడు చార్మినార్ కిందికి తీసుకెళ్తే నాలుగు కమాన్లు నాలుగు దిక్కులకు తెరుచుకోవడం కంపాస్‌తోనే సరిచూడొచ్చు. ఆపి ఉన్న బైకు పక్కకు జరిగితే ముల్లు దారి తప్పడం కూడా చూడొచ్చు.

చార్మినార్ 1591 నాటిది. భూమే పెద్ద అయస్కాంతమని విలియం గిల్బర్ట్ ఇంగ్లండులో పుస్తకం అచ్చువేసింది 1600లో. ఆ భూ అయస్కాంతాన్ని మన ఊళ్ళోనే రోజూ కొలుస్తున్నారు. ఉప్పల్ దారిలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో 1964 నుంచి దానికోసమే ఒక పరిశోధనాలయం ఉంది. ముల్లు ఉత్తరపు కొస ఉత్తరానికే ఎందుకు లాగబడుతుంది, సజాతి ధ్రువాలు నెట్టుకోవాలి కదా అని అడిగే పిల్లలుంటారు. భూమి ఉత్తరాన ఉన్నది అయస్కాంతపరంగా దక్షిణ ధ్రువం లాంటిది. అడిగినవాళ్ళకే చెబుతాను.

టీచర్లకూ తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్లలకు పాత స్పీకరు అయస్కాంతం ఇవ్వండి, అంటుకుంటుందో లేదో ముందు చెప్పించి తరవాత ఆనించనివ్వండి. బొమ్మల పేరుతో అమ్మే పూసల్లాంటి చిన్న బలమైన అయస్కాంతాలు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. రెండు మింగితే పేగుల గోడల మధ్య ఒకదాన్నొకటి లాక్కుని చిల్లు పెడతాయి. మింగారని అనుమానం వచ్చినా సరే, నొప్పి వచ్చేదాకా చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.