పేరు దొరకని వ్యాధి – మన రచయితల ఉపేక్ష

సింగరేణి బొగ్గుగనుల సీమను గూర్చి మన భాషలో కథలకును నవలలకును పాటలకును కొదువ లేదు. అల్లం రాజయ్య, పి. చంద్ మొదలగు వారి కృషివలన, గోదావరిఖనిని కన్నెత్తి చూడని పాఠకునకు సైతము తట్టా చెమ్మసు అన్న మాట పరిచితమైనది. పైకప్పు కూలుటయు, సమ్మె సాగుటయు, రాత్రి బదిలీకి బోయినవాడు తెల్లవారినను రాకుండుటయు మనము చదివి కంట తడిపెట్టినవారమే. ఆ వాఙ్మయముపై నాకు గల గౌరవమును మొదట విన్నవించుకొని, అందు నాకు దోచిన యొక లోపమును జెప్పెదను.

నేను చదివినంతవరకు, ఈ రచనలలో కార్మికుని గొట్టు దెబ్బ ఒక్క క్షణమున వచ్చునది. మూడేండ్లు మెల్లమెల్లగ వచ్చుచు, పేరైనను జెప్పక, మనిషిని లోలోపల మార్చివేయు నాడీవ్యాధికి వానిలో చోటు మిక్కిలి తక్కువ. గనుల కథలయందే కాదు, మన కథాసాహిత్యమున సామాన్యముగ వ్యాధి వచ్చినచో తన పేరుతోనే ప్రవేశించును. క్షయ యనియో, మశూచి యనియో రచయిత మొదటి పుటలోనే చెప్పివేయును. అటుపై మిగిలినది మరణమో, త్యాగమో, పశ్చాత్తాపమో మాత్రమే. సంసారములలో జరుగునది ఇందుకు విరుద్ధము. అక్కడ లక్షణములు ముందు వచ్చును. పేరు ఎప్పటికో వచ్చును. ఆ నడిమి కాలమే రోగికి నిజమైన పరీక్ష. దానినే మనవారు వ్రాయక విడిచిరి.

ఆ కాలమెట్లుండునో ఒక యింటిని ఊహించుకొని చూతము. యజమాని యిరువదియైదేండ్లుగ భూగర్భమున పని చేయుచున్నవాడు. ఒకనాడు అంగీ బొత్తాములు పెట్టుకొనుటకు ఆలస్యమగును. కొన్ని నెలలకు నడచుచుండగ కాలిచెప్పు జారిపోవును. జారినట్లు అతనికి దెలియదు, వెనుక వచ్చువాడు పిలిచి చెప్పవలెను. బ్యాంకులో సంతకము కలియలేదని కాగితము త్రిప్పి పంపుదురు. అక్షరములు నానాటికి చిన్నవై ఒకదానిలోనొకటి ముడుచుకొనుచున్నవి. వీథిలో తూలినచో "పొద్దున్నే తాగిండు" అందురు. ఎన్నడును కల్లు ముట్టనివానికి ఆ మాట పడుట యెంత కష్టము! ఇంటిలో "వయసు మీదపడ్డది, ఊకె గదే చెప్తవు" అని కొడుకు విసుగుకొనును. భార్య మాత్రము అన్నము కలుపు చేతిని చూచి యేమియు ననక, గిన్నె నతనికి దగ్గరగ జరుపును. అందరికంటె ముందుగ రోగమును గుర్తించినది ఆమెయే. ఆమె నడిగినవారు లేరు.

ఈ సీమలో మరియొక చిక్కు గలదు. కార్మికుడు పనికి పనికిరాడని వైద్యమండలి తేల్చినచో ఇంటిలో నొకరికి ఉద్యోగము వచ్చుట ఇక్కడ చిరకాలమునుండి వేరూనిన యాశ. వారసత్వోద్యోగముల పథకమును 2017లో హైకోర్టు కొట్టివేసెను. అటుపిమ్మట కారుణ్య నియామకముల పేర ఆ మార్గము మరల తెరువబడెను. నిజముగ మూలబడిన కుటుంబమునకు ఇది గొప్ప యాసరా. దానిని నేను నిందింపను. కాని పేరు లేని వ్యాధిపై దాని నీడ యెట్లు పడుచున్నదో గమనింపవలెను. వణకుచున్న చేతిని చూచి లోకము "కొడుకు నౌకరీ కోసము వేషము" అని నవ్వును. రోగి యా నవ్వునకు భయపడి చేతిని జేబులో దాచుకొని మస్టర్లు నిలుపుకొనుటకై దిగరాని బావిలోనికి దిగును. కొడుకు తండ్రి రోగము తగ్గవలెనని కోరుకొనునో, నిర్ధారణ కావలెనని కోరుకొనునో తనకే తెలియక సిగ్గుపడును. ఒక నవలకు చాలిన ధర్మసంకట మిందున్నది. ఇట్టి సామగ్రి ముంగిట నుండగా మనము మరల మరల పైకప్పునే కూల్చుచున్నాము.

ఇక నిర్ధారణకై తిరుగు త్రోవ. మొదట కంపెనీ ఆసుపత్రి, తరువాత కరీంనగరమో వరంగల్లో, చివరకు రామగుండమున రైలెక్కి హైదరాబాదు. రామగుండముననే 2022లో వైద్యకళాశాల తెరువబడుట మేలే; ఐనను నాడీవైద్య నిపుణునికై దూరము పోవుట యింకను తప్పుట లేదు. పోయినచోటనెల్ల రక్తపరీక్షలు, చిత్రములు. "అన్నియు బాగున్నవి" అను మాట విని కుటుంబము సంతోషించును, రోగి క్రుంగిపోవును. అన్నియు బాగున్నచో తనకైన దేమి?

ఇక్కడ పాఠకులు తెలిసికొనదగిన సంగతి యొకటి గలదు. పార్కిన్సన్ వ్యాధిని ఏ యొక్క రక్తపరీక్షయు తేల్చిచెప్పజాలదు. మెదడు చిత్రము సామాన్యముగనే కనబడవచ్చును. నడకను, చేతి కదలికను, ముఖమును చూచియు, గడచిన కాలపు వృత్తాంతమును వినియు వైద్యుడు నిర్ణయింపవలెను. మరియు కాళ్ల తడబాటునకు మూలము మెదడున గాక మెడయెముకల నడుమ నలుగుచున్న వెన్నుపామున నుండవచ్చును. అప్పుడు మెదడును మాత్రమే చిత్రించిన ఫలమేమి? ఆలస్యమైనకొలది నరమునకు గలుగు నష్టము తిరిగిరానిది కావచ్చును. కావున కాగితము బాగున్నదనిన మాత్రమున మనిషి బాగున్నాడని యర్థము కాదు. రోగి చెప్పు కథయే యిచట ప్రథమ సాక్ష్యము.

ఈ వ్యాధికి పేరైన జేమ్స్ పార్కిన్సన్ లండనులో 1817లో వెలువరించిన చిన్న గ్రంథము నొక పర్యాయము స్మరింతము. అందలి రోగు లార్గురే. వారిలో కొందరు వీథిలో నెదురుపడినవారు. ఆతనికడ నేటి యంత్రములేవియు లేవు. కన్ను, చెవి, ఓర్పు గలవు. కలము ఎప్పుడు వణకెను, అడుగు ఎట్లు ముందుకు తోసికొనిపోయెను, నిద్ర యెట్లు చెడెను – అన్నియు వరుసగ వ్రాసెను. ఆతడు 1824లో మరణించెను. ఆతని పేరు వ్యాధికి స్థిరపడినది తరువాత చాలకాలమునకు, ఫ్రాన్సు వైద్యుడు షార్కో వలన. ఈ పార్కిన్సనే 1804లో శిలాజములను గూర్చి వ్రాసిన మొదటి సంపుటమున బొగ్గు పుట్టుకనుగూడ చర్చించెను. బొగ్గును, వణుకును ఒక్క కలమే వ్రాసినది. మన సీమలో రెండును గలవు; కలము మాత్రము ఒకదానికడనే నిలిచిపోయినది.

ఇది పరదేశపు విద్య యని కొట్టివేయుటకును వీలు లేదు. మాధవకరుడు చికిత్స జోలికి పోక రోగనిర్ణయమునకే యొక గ్రంథమును ప్రత్యేకించెను. దాని పేరే రోగవినిశ్చయము. గుర్తించుటయే సగము వైద్యమని యెరిగిన దేశమున నేడు తిమ్మిరి, వణుకు, తూలు, మొద్దుబారుట అన్నియు కలిపి "నరాల బలహీనత" యను నొక్క మూటలో కట్టివేయుచున్నాము. సూదిమందు నొకటి పొడిపించుకొని తృప్తిపడుచున్నాము. అదియు గానిచో గాలి సోకినదని తాయెత్తు కట్టుచున్నాము. ఇన్ని మాటలున్న భాషను ఒక్క మాటకు కుదించుట భాషాద్రోహము మాత్రమే కాదు, రోగికిని ద్రోహమే.

కనుక గృహిణులకు నా మనవి యొకటి. పాలపద్దు వ్రాయు పుస్తకమున నొక పుట విడువుడు. ఏ నెలలో చెప్పు జారెను, ఏ చేయి ముందు వణకెను, కూర్చుండగ వణకెనా పని చేయుచుండగనా, ఎన్ని మారులు పడెను, ఏ మందు మింగిన పిదప నేమయ్యెను – తేదీతో వ్రాయుడు. పెద్దాసుపత్రిలో వైద్యుడు చూపగల కొద్ది నిమిషములలో ఆ పుట పది కాగితముల పని చేయును. అయితే మూతి వంకరపోవుట, మాట తడబడుట, ఒక ప్రక్క చేయి గాని కాలు గాని పడిపోవుట అకస్మాత్తుగ జరిగినచో పుస్తకము తెరువక తత్క్షణమే ఆసుపత్రికి తరలింపుడు. గడ్డను కరిగించు మందు సామాన్యముగ నాలుగున్నర గంటలలోపలనే ఈయవలసినది.

రచయితలకును మనవి యిదియే. మరణమును వ్రాసితిరి, పోరాటమును వ్రాసితిరి. పేరు తెలియక తిరుగుచు, నమ్మువారు లేక, తన దేహమునకు తానే సాక్ష్యము చెప్పుకొనవలసివచ్చినవానినిగూడ వ్రాయుడు. అట్టి కథ నొకదానిని చదివిన కొడుకు రేపు తండ్రి చెప్పు జారిపోగా విసుగుకొనక వంగి దానిని తొడిగి, "ఎన్నడు మొదలైంది నాయనా?" అని యడిగినచో, ఆ కథ వ్రాసినందులకు ఫలము దక్కినట్లే.