గోడ లోపలి రాయి

ఇల్లు కడుతున్న చోటు కనబడితే నా కాళ్లు ఆగిపోతాయి. ఎలివేషన్ సంగతి తర్వాత. ముందు గోడల మూలలు ఎలా కలిపారో, పిల్లర్ రింగులు ఎలా వంచారో చూస్తాను. ఈ చూపు నాకు లాతూరు భూకంపం వల్ల వచ్చింది.

1993 సెప్టెంబర్ 30. వినాయక నిమజ్జనం చేసుకొచ్చి ఊళ్లన్నీ ఆదమరిచి నిద్రపోతున్న వేళ, తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా భూమి కదిలింది. మేం అప్పుడు మహారాష్ట్రలోని ఉమర్గాలో ఉండేవాళ్లం. నాన్న తాపీమేస్త్రి. కళ్లు తెరిచేసరికి అమ్మ నన్ను రెక్క పట్టుకుని వాకిట్లోకి లాగుతోంది. నేల కింద లోడు లారీ పోతున్నట్టు చప్పుడు. దూలాల సందుల్లోంచి మట్టి ధారగా రాలుతోంది. తెల్లారాక తెలిసింది, లాతూరు జిల్లాలోని కిల్లారి ఊరు నేలమట్టమైందని.

కొన్నాళ్లకు నాన్న వెంట అటు వెళ్లాను. సగం నిలిచిన ఒక గోడ దగ్గర ఆగి, లోపలికి చెయ్యి పెట్టి చూపించాడు. ‘‘చూడు బిడ్డా, మనం ఒక్కటే గోడ అనుకున్నం. ఇవి రెండు గోడలు. నడుమ ముక్కరాళ్లు, మట్టి నింపిన్రు. రెండిటినీ పట్టి ఉంచే రాయి ఒక్కటన్నా లేదు.’’

నిజమే. బయటి వరుస రాళ్లు జారిపోయాయి, లోపలి వరుస నిలబడి ఉంది. అక్కడి ఇళ్లకు రెండడుగులకు మించిన మందాన రాతి గోడలు, పైన దూలాల మీద దళసరి మట్టి కప్పు. ఎండకు చల్లగా ఉంటాయి. కానీ భూమి ఊగినప్పుడు వరుసలు విడిపోయాయి, రాళ్లూ మట్టీ నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డాయి. తీవ్రత 6.2. పోయినవాళ్లు దాదాపు 10 వేల మంది. అప్పటి భూకంప పటంలో ఆ నేల అతి తక్కువ ప్రమాదమున్న మండలం.

విరుగుడు పెద్ద విద్యేం కాదు. గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడవాటి రాయిని ఎత్తులో రెండడుగులకొకటి, వరుసలో నాలుగడుగులకొకటి పెట్టాలి. తలుపుల పైన ఇంటి చుట్టూ తెగకుండా కాంక్రీటు పట్టీ తిప్పాలి. భూకంపం తర్వాత పాత గోడలకూ ఈ పని చేశారు. నాన్న ఒక్కో రాయినీ గోడ అదరకుండా మెల్లగా కదిలించి తీసేవాడు. ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా రంధ్రమయ్యాక వంచిన కడ్డీ పెట్టి కాంక్రీటు నింపేవాడు. పూటంతా చేసినా, పైకి కనిపించేది అరచేతంత మచ్చే.

ఇప్పుడు రాతి గోడలు పోయి పిల్లర్లు వచ్చాయి. కనబడని పని మాత్రం పోలేదు. పిల్లర్ నిలువు కడ్డీలను చుట్టి పట్టే రింగు కొసలను 135 డిగ్రీలకు లోపలికి వంచాలి. లంబంగా వదిలేస్తే గట్టిగా ఊగినప్పుడు రింగు విచ్చుకుంటుంది. అలా వంచాలంటే చెయ్యి నొప్పెడుతుంది, పొద్దుపోతుంది. అందుకే చాలా చోట్ల వదిలేస్తున్నారు. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు హైదరాబాద్ దాకా జనం ఉలిక్కిపడ్డారు. మన నేలకూ ఈ జాగ్రత్త కావాలి.

స్లాబు పోసే రోజు అందరం వెళ్లి కొబ్బరికాయ కొడతాం. కడ్డీ కట్టే రోజు కూడా వెళ్లండి. రింగులు చూపించమని మేస్త్రిని అడగండి. ఆ పనికి ఇంకో పూట పడుతుందంటే, ఆ పూట కూలి బేరమాడకుండా ఇవ్వండి.