తుమ్మెద పని పట్టే కెమెరా

పూసిన తంగేడు పొద దగ్గర పొద్దున్నే నిలబడితే తుమ్మెద మోత రెండు రకాలుగా వినిపిస్తుంది. ఎగిరేటప్పుడు ఒకటి. పువ్వు మీద వాలగానే అది ఆగి, తెగుతూ తెగుతూ కీచుమనే మరొకటి మొదలవుతుంది. మాక్రో ఫొటోగ్రాఫర్ చెవి పెట్టాల్సింది ఈ రెండో మోతకే.

తంగేడు పుప్పొడి తిత్తులు పూర్తిగా విచ్చుకోవు. కొసన చిన్న రంధ్రాలుంటాయంతే. తుమ్మెద వాటిని పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఎగిరే కండరాలను అదిరిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి బయటికి చిమ్ముతుంది. పొట్టి కేసరాల్లోది ఎక్కువగా తుమ్మెద కూటికి పోతుంది. పొడవాటి వాటిలోది దాని ఒంటికి అంటుకుని మరో పువ్వు చేరుతుంది. టమాటా, వంగ పూలదీ ఇలాంటి తీరే. వాటి దగ్గర నీలిచారల తేనెటీగలూ ఇదే పని చేస్తాయి. పెట్టెల్లో పెంచే తేనెటీగలకు ఈ విద్య లేదు.

పుప్పొడి చిమ్మే ఈ క్షణాన్ని ఫొటోలో పట్టడం కష్టం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో 1:1లో, అంటే సెన్సర్ మీద అసలు సైజులోనే పడేలా తీస్తే, ఎఫ్/11 దగ్గర కూడా స్పష్టంగా వచ్చే లోతు మిల్లీమీటరున్నర లోపే. అందుకే చేయి తిరిగినవాళ్లు ఫోకస్ రింగు జోలికి పోరు. దూరం ఖాయం చేసుకుని, ఒంటినే కొద్దికొద్దిగా ముందుకు వంచుతూ బటన్ నొక్కుతారు. ఫ్లాష్ పవర్ తగ్గిస్తే వెలుగు మరీ తక్కువసేపు మెరిసి కదలికను నిలబెడుతుంది. నల్లగా నిగనిగలాడే తుమ్మెద మీద తెల్లటి మచ్చలు పడకుండా డిఫ్యూజర్ తప్పనిసరి.

అమెరికా జియలాజికల్ సర్వేలో సామ్ డ్రోగీ బృందం చచ్చిన తేనెటీగలను శుభ్రం చేసి, నల్లటి నేపథ్యంలో, ఒక్కో చోట ఫోకస్ చేసిన పదుల ఫ్రేములు కలిపి అద్భుతమైన ఫొటోలు తీసింది. జాతిని గుర్తుపట్టడానికి అవి ఎంతో విలువైనవి. వాటి బతుకు తెలియాలంటే మాత్రం తోటకే వెళ్లాలి.

కదలకుండా ఉంటాయని ఈగలను పట్టి ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లున్నారు. ఆ అవసరమే లేదు. నీలిచారల మగ ఈగలు సాయంత్రం సన్నటి పుల్లలను దవడలతో కరచిపట్టుకుని, గుంపుగా అక్కడే నిద్రపోతాయి. తెల్లవారి ఒళ్లు వేడెక్కేదాకా కదలవు. ఫ్రేములు కలపడానికి అంతకన్నా మంచి వేళ దొరకదు. పుల్ల విరవకుండా, ఊపకుండా ఉంటే చాలు.

తీసిన ఫొటో పక్కన ఊరు, వేళ, పువ్వు పేరు, ఈగ చేస్తున్న పని రాసిపెట్టాలి. ఆ నాలుగు ముక్కలుంటే, ఏ పంటకు ఏ ఈగ వస్తోందో వెతికే పరిశోధకుడికీ వంగ రైతుకూ అది పనికొస్తుంది.